చలికాలంలో పెద్దవాళ్లు, పిల్లలతో అరకు, లంబసింగి: లాడ్జి ఎక్కడ తీసుకోవాలి, ఏమేం అడగాలి?

హబ్సిగూడ_అక్క
అందరికీ నమస్కారం. పిల్లలకి ఒకట్రెండు రోజులు బడి ఎగ్గొట్టించైనా సరే, కనుమ మర్నాడు అందరం కలిసి అరకు వైపు వెళ్దామని మా తమ్ముడు పట్టుబట్టాడు. అమ్మ, నాన్న, మేము, తమ్ముడి కుటుంబం, మొత్తం ముగ్గురు పిల్లలు. అమ్మకి ఆయాసం ఉంది, ఇన్‌హేలర్ వాడుతుంది. నాన్నకి మోకాళ్ల నొప్పులు. హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో విశాఖ దాకా వచ్చేస్తాం. ఆ తర్వాత రైలా, కారా? ఒకే చోట దిగి చుట్టుపక్కల చూడాలా, లంబసింగి కూడా కలుపుకోవాలా? లాడ్జి ఫొటోలన్నీ బాగానే ఉన్నాయి, రేట్లే ఒకదానికొకటి పొంతన లేవు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

రైలుబండి
పిల్లలున్నారు కదా, వెళ్లేటప్పుడు రైలే. పొద్దున్నే విశాఖలో బయలుదేరే కిరండూల్ పాసింజర్ ఎక్కితే దాదాపు నాలుగు గంటల్లో అరకు. కొత్తవలస–కిరండూల్ లైన్‌లో మొత్తం 58 సొరంగాలున్నాయి. ప్రతి సొరంగంలోనూ పెట్టెలో పిల్లలంతా ఒకేసారి కేకలు పెడతారు, చెవులు సిద్ధం చేసుకోండి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి వేసిన లైన్ ఇది. మనం చూసే లోయలన్నీ ఆ గూడ్సు బళ్ల పుణ్యమే.

కప్పు, కిటికీలు అద్దాలతో ఉండే పెట్టె (విస్టాడోమ్) ఈ లైన్‌లో 2017 ఏప్రిల్‌లో వచ్చింది. దానికి సీటు దొరకాలంటే ముందే రిజర్వేషన్ చూసుకోవాలి. మామూలు పెట్టెలో అయితే కుడివైపు కిటికీ పట్టండి. నాన్నగారికి మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి బొర్రాలో దిగే ఆలోచన మానుకోండి. గుహల్లో మెట్లు బోలెడు, తేమకి జారతాయి కూడా. పిల్లలకి చూపించాలంటే ఇంకో రోజు కారులో వెళ్లి, పెద్దాయన్ని పైన టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టండి.

అత్తిలి_అత్తగారు
ఏవమ్మాయ్, పండగ నెలలో ఇల్లొదిలి లాడ్జీల్లో ఉండటమేంటి అందామనుకున్నాను, కనుమ మర్నాడన్నావు కాబట్టి క్షమించేశాను.

నా మాట ఒక్కటి విను. రగ్గులు మీవి మీరు తీసుకెళ్లండి. లాడ్జిలో మనిషికొకటి పల్చటి దుప్పటి ఇచ్చి, ఇంకోటి అడిగితే అయిపోయాయంటారు. మీద ఎన్ని కప్పుకున్నా పరుపులోంచి చలి లాగుతుంది, అందుకని ఒక రగ్గు కిందే పరుచుకోవాలి. మీ అమ్మగారికి మేజోళ్లు, చెవులకి మఫ్లర్ తప్పనిసరి. మంకీ క్యాప్ అంటే మీ తమ్ముడు నవ్వుతాడేమో, రాత్రి తొమ్మిదింటికి వాడే వచ్చి అడుగుతాడు చూడు.

పాడేరు_పిల్లోడు
నేను ఇక్కడోడినే. బయటోళ్లు పొద్దున్న కనిపించే మంచు చూసి లాడ్జి తీసుకుంటారు, రాత్రి గురించి అడగరు. జనవరిలో ఐదున్నర, ఆరింటికల్లా పొద్దు గూకిపోద్ది. సూర్యుడు వచ్చేది ఆరున్నరకి, మంచు విడేది ఎనిమిది తర్వాతే. అంటే సగానికి పైగా మీరు గదిలోనే ఉంటారు. కాబట్టి కిటికీలోంచి కొండ కనపడుద్దా లేదా అన్నది తర్వాత. తలుపు కింద సందు ఉందా, బాత్రూమ్ గదిలోనేనా లేక ఆరుబయట నడిచి వెళ్లాలా, ఇంగ్లీష్ కమోడ్ ఉందా, తెల్లారి ఐదింటికి వేడినీళ్లు ఎలా వస్తాయి, ఇవి ముందు అడగండి. పెద్దోళ్లున్నప్పుడు టెంట్ల జోలికే వెళ్లొద్దు. తెల్లారేసరికి లోపలి గుడ్డంతా తడిగా ఉంటది, ఆయాసం ఉన్న మనిషికి అది పనికిరాదు.

వంజంగి మేఘాల ఫొటోలు చూసి ఉంటారు. అది చీకట్లో కొండెక్కే పని. మీ అమ్మానాన్నలు ఎక్కలేరు. తమ్ముడు, పిల్లలు వెళ్తే వెళ్లనివ్వండి.

కరెంటు_మావయ్య
వేడినీళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. "సోలార్ ఉందండి" అంటే సంబరపడకండి. మబ్బు, మంచు పట్టిన రోజు మర్నాడు పొద్దున గోరువెచ్చగా కూడా రావు. కరెంటు గీజర్ అయితే ఒక్కో గదికి విడిగా ఉందా, మూడు గదులకి కలిపి ఒకటేనా అడగండి.

ఇంటి నుంచి రూమ్ హీటర్ మోసుకెళ్లేవాళ్లు ఉంటారు. రెండు వేల వాట్ల హీటర్ 230 వోల్టుల మీద దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. సెల్‌ఫోన్ పెట్టుకునే చిన్న ప్లగ్‌కి, దానికి తోడు ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలిస్తే వైరు వేడెక్కి మెత్తబడుతుంది. పెద్ద పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్ ఉంటేనే పెట్టండి. అదీ గీజర్ వేసినప్పుడు కట్టేయండి, లేకపోతే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోయి లాడ్జి మొత్తం చీకటి. ఆ అర్ధరాత్రి ఫ్యూజు వేసేవాడు ఊళ్లో ఉండడు.

అన్నిటికంటే నమ్మకమైనది పెరట్లో కట్టెల పొయ్యి మీద పెట్టిన కాగు. పాతకాలం లాడ్జీల్లో ఇప్పటికీ ఉంటుంది, బకెట్టు లెక్కన తెచ్చిపెడతారు. కరెంటు పోయినా స్నానం ఆగదు.

హబ్సిగూడ_అక్క
అందరికీ థాంక్స్. అరకు ఊరికి కాస్త దూరంగా, పొలాల మధ్య నాలుగు గదుల లాడ్జి ఒకటి నచ్చింది. ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడారు. రాత్రి బయట నెగడు వేస్తారట. "పెద్దవాళ్లకి చలేస్తే గదిలో బొగ్గుల కుంపటి పెడతాం మేడమ్, ఎక్స్‌ట్రా చార్జి లేదు" అన్నారు. అమ్మకి అది బాగా నచ్చింది. ఫిక్స్ చేసేయనా?

నైట్‌డ్యూటీ_డాక్టరు
ఆగండి. నెగడు బయట ఎంతసేపైనా కాచుకోండి. కుంపటి మాత్రం గదిలోకి రానివ్వకండి, "కాసేపే కదా" అని కూడా వద్దు.

బొగ్గు నిప్పులు ఎర్రగా ఉండి పొగ రావట్లేదంటే ప్రమాదం లేదనుకుంటారు. తలుపులు మూసిన గదిలో ఆ నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ మోయాల్సిన హిమోగ్లోబిన్‌ని అది పట్టేసుకుంటుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం. మెలకువగా ఉంటే అనుమానం వస్తుంది, నిద్రలో ఉన్నవాళ్లకి ఆ అవకాశమే ఉండదు. చలికాలంలో ఒకే గదిలో కుటుంబమంతా పోయారని పేపర్లో చూస్తుంటామే, చాలాసార్లు ఇదే కారణం. కిటికీ, గాలిగొట్టం లేని బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ కూడా అంతే ప్రమాదం. లాడ్జి వాళ్లని గీజర్ గ్యాసుదా కరెంటుదా అని తప్పక అడగండి. గ్యాసుదైతే సిలిండరు, గీజరు రెండూ బాత్రూమ్ బయటే ఉండాలి.

ఎవరికైనా పొద్దున్నే తలనొప్పి, వాంతి వచ్చి, గదిలో నిప్పులున్నాయని తెలిస్తే ముందు మనిషిని బయటి గాలికి తీసుకురండి, 108కి ఫోన్ చేయండి. అరకులో ఏరియా ఆసుపత్రి ఉంది.

అమ్మగారి విషయం. చల్లగాలి సూటిగా తగిలితే ఆయాసం ఎక్కువవుతుంది. ముక్కు, నోరు కప్పేలా మఫ్లర్ కట్టుకోమనండి. ఇన్‌హేలర్ చేతిసంచిలో ఒకటి, పెట్టెలో ఒకటి ఉండాలి. నెగడు పొగ కూడా పడదు, గాలి వచ్చే వైపు కూర్చోబెట్టండి. చలికి బీపీ పెరుగుతుంది, నాన్నగారికి బీపీ మాత్రలుంటే ప్రయాణం హడావిడిలో ఒక్క పూట కూడా తప్పకూడదు.

కొండెవరం_కుర్రాడు
డాక్టరు గారూ, మా తాతలు కుంపటి మంచం కిందే పెట్టుకుని పడుకునేవాళ్లు. ఎవరికీ ఏమీ కాలేదు. మరీ టెన్షన్ పెట్టేస్తున్నారేమో.

నైట్‌డ్యూటీ_డాక్టరు
మీ తాతగారి ఇల్లు తాటాకుదో, పెంకుటిల్లో అయ్యుంటుంది. కప్పులోంచి, చూరులోంచి గాలి ఆడుతూనే ఉంటుంది. ఇప్పటి లాడ్జి గది స్లాబు, అల్యూమినియం కిటికీ, తలుపు సందులో గుడ్డలు కుక్కిన గది. రెండూ ఒకటి కాదు. పైగా ఆ రోజుల్లో జరిగినవన్నీ లెక్కకి వచ్చాయని ఏముంది, "నిద్రలో పోయాడు, పుణ్యాత్ముడు" అనేసేవాళ్లు.

అత్తిలి_అత్తగారు
కుంపటి బదులు రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి దుప్పట్లో పాదాల దగ్గర పెట్టండి. సంచి లేకపోతే స్టీలు బాటిల్‌లో నీళ్లు పోసి మూత గట్టిగా బిగించి తువ్వాల్లో చుట్టండి. మా ఇంట్లో పురిటాళ్లకి చేసే పనే.

సైన్సు_సారు
"పొలాల మధ్య" అన్నారు, అక్కడ ఒక చిన్న సంగతి. మబ్బు లేని చలికాలపు రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి తొందరగా చల్లబడుతుంది. దాన్ని అంటుకున్న గాలీ చల్లబడి, బరువెక్కి, వాలు వెంట నీళ్లలాగే కిందికి జారి లోయ అడుగున చేరుతుంది. అందుకే లోయ మధ్య పొలాల్లో ఉన్న ఇల్లు, కొండ వాలు మీద కాస్త ఎత్తున ఉన్న ఇంటికంటే చల్లగా ఉంటుంది. ఎత్తుకి వెళ్తే చలి ఎక్కువని మనం అనుకుంటాం. తెల్లవారుజామున ఇక్కడ కొన్ని గంటలపాటు వరస తిరగబడుతుంది. వంజంగిలోనూ, లంబసింగి దగ్గర చెరువులవేనంలోనూ కొండ మీద నిలబడి కింద మేఘాల సముద్రం చూస్తున్నామంటే కారణం ఇదే, చల్లగాలి కింద ఆగిపోయి మంచు అక్కడే నిలిచిపోతుంది.

కాబట్టి అమ్మగారి కోసమైతే వాలు మీద, తూర్పు ముఖం ఉన్న గది. ఎండ ముందు అక్కడే పడుతుంది, మంచు తొందరగా విడుతుంది. ఈ రెండు మాటలూ లాడ్జి వాళ్లని అడిగితే వింతగా చూస్తారు, పరవాలేదు.

బెజవాడ_బుల్లోడు
అక్కా, డబ్బుల దగ్గర జాగ్రత్త. మావాళ్లు నెట్‌లో ఒక నంబరు చూసి ఫోన్ చేసి, సగం అడ్వాన్సు ఫోన్‌లోనే పంపించారు. అక్కడికెళ్తే ఆ లాడ్జి ఉంది, వాళ్లకి ఆ నంబరే తెలీదు. పండగ రోజులు, ఊరంతా ఫుల్లు, ముసలాళ్లతో కారులో తెల్లారింది. నంబరు ఇచ్చినవాడు ఫోన్ ఎత్తితే ఒట్టు. టూరిజం వాళ్ల హరిత హోటళ్లు వాళ్ల సొంత సైట్‌లో బుక్ చేసుకోవచ్చు. ప్రైవేటువైతే వీడియో కాల్ చేసి గది, బాత్రూమ్ చూపించమనండి. నిజమైన లాడ్జి వాడు వెంటనే నడుచుకుంటూ వెళ్లి చూపిస్తాడు, వేరేవాడైతే "సిగ్నల్ లేదు" అంటాడు.

పాడేరు_పిల్లోడు
నిజంగానే సిగ్నల్ ఉండదు కొన్ని చోట్ల 😀 అది ఒక్కటే చూసి దొంగ అనుకోకండి.

ఇంకో మాట. ఇది ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరులు కొనడానికి లేదు. అయినా రిసార్టులు ఎవరి పేరుతో ఎవరు నడుపుతున్నారో ఊళ్లో అందరికీ తెలుసు, దాని మీద గొడవలు నడుస్తూనే ఉన్నాయి. మా వాళ్లే నడిపే చిన్న హోమ్‌స్టేలు పెరిగాయి. గది సాదాగా ఉంటది, టైల్సు ఉండకపోవచ్చు. కానీ మీ డబ్బు ఆ ఇంట్లోనే ఉంటది, వాళ్ల కాఫీ తోట వాళ్లే తిప్పి చూపిస్తారు. సంక్రాంతి వెళ్లాక పళ్ల కోత ఇంకా నడుస్తూనే ఉంటది, పిల్లలకి రిసార్టులో డీజే కంటే అది బాగుంటది.

వలిసె పూల కోసం మాత్రం రాకండి. పసుపు పొలాల ఫొటోలన్నీ నవంబరు, డిసెంబరు మొదట్లోవి. జనవరిలో ఆ చేలల్లో మోళ్లే. పూలున్నప్పుడు వచ్చేవాళ్లు చేలో దిగి తొక్కేస్తున్నారు, అది మాకు పంట. గట్టు మీద నిలబడి ఫొటో దిగి రైతుకి పదో పరకో ఇస్తే ఎవరూ ఏమీ అనరు.

ఘాట్‌రోడ్_డ్రైవరు
కారు ఎక్కడ మాట్లాడుకోవాలో చెప్తా. విశాఖ నుంచి ఎస్.కోట మీదుగా అరకు దాదాపు 115 కిలోమీటర్లు, ఎస్.కోట దాటాకే అసలు ఘాట్. మీరు రైల్లో వస్తున్నారు కాబట్టి అరకులోనే కారు తీసుకుని, తిరుగు ప్రయాణానికి మళ్లీ విశాఖ దిగకుండా పాడేరు, చింతపల్లి, లంబసింగి మీదుగా నర్సీపట్నం వచ్చేయండి. అక్కడి నుంచి తుని గానీ అనకాపల్లి గానీ వెళ్లి హైదరాబాద్ రైలు ఎక్కొచ్చు. వెళ్లిన దారిలోనే తిరిగి రావక్కర్లేదు, లంబసింగీ చూసినట్టవుతుంది.

చీకటి పడ్డాక ఘాట్ ఎక్కడం, దిగడం వద్దు. మంచులో హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు, లో బీమే వేయాలి. దిగేటప్పుడు రెండో గేరు. బ్రేకు మీద కాలు పెట్టి కొండంతా దించే డ్రైవరైతే మాడు వాసన వస్తుంది, అప్పుడు మొహమాటపడకుండా బండి ఆపించండి. పిల్లలకి బయలుదేరే ముందు పాలు పట్టకండి, ఇడ్లీ ఒకటో రెండో చాలు. వాంతులయ్యే పిల్లని ముందు సీటు వెనకాల కాదు, కిటికీ పక్కన కూర్చోబెట్టి దూరంగా చూడమనండి. ఫోన్ చేతికిచ్చారా, మూడో మలుపులో సీటు కడుక్కోవాలి.

హబ్సిగూడ_అక్క
కుంపటి లాడ్జి వద్దనుకున్నాం. అనంతగిరి వైపు వాలు మీద ఒక హోమ్‌స్టే దొరికింది, వీడియో కాల్‌లో గది, కాగు, కమోడ్ అన్నీ చూపించారు. గీజర్ లేదు. తూర్పు ముఖమా అని అడిగితే ఆవిడ నవ్వి, "ఎండ మా మంచం మీదకే వస్తాది" అంది. తిండి సంగతి కూడా చెప్పండి. మేము కోడి తింటాం, అమ్మ తినదు.

బొంగులో_చికెన్
నా పేరు చూశారుగా, నేనే చెప్పాలి. పచ్చి వెదురు బొంగులో ఉప్పు, కారం, మసాలా కలిపిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె వేయరు. వెదురు లోపలి తేమకే ఉడుకుతుంది, పైన నల్లగా మాడాలి, లోపల మాడకూడదు. ఆకలేసినప్పుడు అడిగితే గంటసేపు ఎదురుచూడాలి, మధ్యాహ్నమే చెప్పి పెట్టండి. రోడ్డు పక్కన ముందే కాల్చి పేర్చిన బొంగులు కొనకండి, ఎప్పటివో తెలీదు.

అమ్మగారికి చింతపల్లి వైపు పండే రాజ్‌మా కూర చేయమనండి. పంజాబీ హోటల్ కూరలా కాదు, పల్చగా పులుసులా చేస్తారు, సామలన్నంలోకి బాగుంటుంది. రాత్రి భోజనం ఏడున్నరకే ముగించండి. చలి ఊళ్లలో వంటింటి పొయ్యి తొమ్మిది దాకా వెలిగి ఉండదు.

హబ్సిగూడ_అక్క
వెళ్లొచ్చాం, రాస్తానన్నాను కదా. మీరు చెప్పిన రాత్రి ఏర్పాట్లన్నీ పనికొచ్చాయి. మంకీ క్యాప్ తమ్ముడే ముందు లాక్కున్నాడు అత్తగారూ. అమ్మకి ఆయాసం రాలేదు, స్టీలు బాటిల్ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నాన్నకి ఒక్కటే ఇబ్బంది. బాత్రూమ్ గడప ఎత్తుగా ఉంది, రాత్రి ఎవరో ఒకరు లేవాల్సి వచ్చింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వీడియోలో అది కూడా చూసుకోండి.

అన్నిటికంటే నచ్చింది కాఫీ పని. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, చెట్ల మానులకి పాకించిన మిరియం తీగ. ఎర్రగా పండినవే కోయాలట, మా అబ్బాయి పచ్చివి కూడా దూసేస్తుంటే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. సాయంత్రం ఇంటి వెనక చేత్తో తిప్పే పల్పర్‌లో పోస్తే ఎర్ర తొక్క ఒకవైపు, గింజలు ఇంకోవైపు పడతాయి. గింజకి జిగట, పిల్లల చేతుల్లో నిలవదు, నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉంది. రాత్రి నానబెట్టి, కడిగి, పట్టాల మీద ఎండబెడతారు. పొద్దు వాలగానే మంచు పడకుండా కప్పేస్తారు, తెల్లారి ఎండొచ్చాక మళ్లీ పరుస్తారు. ఇన్ని చేస్తే ఆ పొడి రేటు ఎక్కువని ఇక నోరెత్తను. తేనె, కాఫీ పొడి జీసీసీ (గిరిజన సహకార సంస్థ) దుకాణంలో తీసుకున్నాం.

లంబసింగిలో జనం మాత్రం విపరీతం. చెరువులవేనం కింద తెల్లారకముందే కార్లు బారులు తీరాయి, మేఘాలు కనపడ్డాయి, హారన్లూ వినపడ్డాయి. పిల్లలకి అక్కడి స్ట్రాబెర్రీ తోటే నచ్చింది.

కొండెవరం_కుర్రాడు
అక్కా, మాకు జనవరిలో సెలవు దొరకదు. మార్చిలో వెళ్తే ఏముంటుంది? చలి ఉంటుందా?

పాడేరు_పిల్లోడు
రాత్రి దుప్పటి చాలుద్ది, మేఘాల మీద ఆశ పెట్టుకోవద్దు. కాఫీ పూత మాత్రం ఉంటది, అది మార్చి, ఏప్రిల్‌లో తొలి జల్లు పడ్డ వారం పది రోజులకి వస్తది. తోటంతా తెల్లగా, మల్లెపూల వాసన. నాలుగైదు రోజులకే వాడిపోద్ది, అందుకని ముందు తేదీ పెట్టుకుని రాకండి. వాన పడిందా అని హోమ్‌స్టే వాళ్లకి ఫోన్ చేసి, పడిందంటే టికెట్ తీయండి. అప్పటికి గదుల రేట్లు కూడా దిగుతాయి, బేరమాడొచ్చు.